గ్యారంటీ గడువు తీరిన పిమ్మట

ఉమ్మడి కృష్ణాజిల్లా మెట్టసీమలో ఎండలు ముదిరినవనగా రిఫ్రిజిరేటరు విలాసవస్తువు కాజాలదు. నందిగామలోను, జగ్గయ్యపేటలోను మే నెల మధ్యాహ్నములు గడపినవారి కీ సంగతి చెప్పనక్కరలేదు. పసిపిల్లల పాలు, వృద్ధుల మందులు, ముఖ్యముగా మధుమేహరోగుల ఇన్సులిను ఆ పెట్టెపై ఆధారపడియున్నవి. అట్టి యంత్రము కొన్న మూడవ యేటనో నాలుగవ యేటనో ఆగిపోయినచో గృహస్థునకు సాధారణముగా లభించు సమాధాన మొక్కటే: “గ్యారంటీ అయిపోయిందండీ, ఇక మా చేతుల్లో ఏమీ లేదు.” ఈ మాట వినినంతనే చాలమంది మారుపలుకక అడిగినంత సొమ్ము చెల్లించుచున్నారు. కాని ఆ మాటలో సగమే సత్యము. తీరినది ఉచితముగా మరమ్మతు చేయుదుమన్న వాగ్దానపు గడువు మాత్రమే. కొన్నవాని హక్కులన్నియు దానితోడనే తీరిపోవుటలేదు.

గ్యారంటీ యనగా అమ్మువాడుగాని, తయారుచేసినవాడుగాని తనంత తాను వ్రాసియిచ్చిన మాట. అట్లు వ్రాయకున్నను చట్టమే అమ్మువానిచే పలికించు మాటలు కొన్ని కలవు. 1930 నాటి సరకుల విక్రయ చట్టము 16వ సెక్షను ప్రకారము, ఒక రకపు సరకును అమ్ముటయే వృత్తిగా గలవానియొద్ద వర్ణననుబట్టి కొన్న వస్తువు వాణిజ్యయోగ్యమైన నాణ్యము కలిగియుండవలెను. కార్డుపై అచ్చువేసిన హామీ, తనకు విరుద్ధము కానంతవరకు, ఈ అంతర్గతమైన షరతును రద్దుచేయజాలదని అదే సెక్షను చెప్పుచున్నది. కావున పుట్టుకతోనే యంత్రములో దాగియున్న లోపము గడువు తీరిన పిమ్మట బయటపడినదన్న ఒక్క కారణముచే అది లోపము కాకపోదు.

అట్లని ఆగిన ప్రతి యంత్రమునకును కంపెనీయే బాధ్యత వహింపవలెననుట న్యాయము కాదు. అరుగుదల యన్ని యంత్రములకును సహజము. వోల్టేజి తగ్గినప్పుడు కంప్రెసరు మోటారు ఎక్కువ కరెంటును లాగును, తీగచుట్టలు వేడెక్కును, క్రమముగా కాలిపోవును. స్టెబిలైజరు వాడుమని కార్డుపై వ్రాసియుండగా వాడనివానికి ఆ నష్టమును ఇతరులపై మోపుట కష్టము. అందుచే చెడినది ఎప్పుడన్న ప్రశ్నకంటె ఎందుచేతనన్న ప్రశ్నయే ముఖ్యము. పరీక్షింపనిదే తేలని లోపమైనచో, వస్తువును తగిన ప్రయోగశాలకు పంపు అధికారమును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము జిల్లా కమిషనునకు ఇచ్చినది. ఆ పరీక్షకగు రుసుమును ఫిర్యాదిచేతనే ముందుగా కట్టించుట కలదు. కారణము తేలినను కోరినదెల్ల లభింపదు. 2006లో ఒక మారుతి కారు వివాదమున, గ్యారంటీ షరతు చెడిన భాగమును మార్చుటకు మాత్రమే చెందునుగాని బండి మొత్తమును మార్చుటకు కాదని సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. కనుక కోరిక మితముగా నుండుట మేలు.

ఇక రెండవ హక్కు. దీనిని గుర్తించువారు బహు తక్కువ. గడువు తీరిన పిమ్మట మనము సొమ్మిచ్చి మరమ్మతు చేయించుకొనుచున్నాము గదా! సొమ్ము తీసికొని చేసిన పని చట్టము దృష్టిలో ‘సేవ’. ఆ సేవలో లోపమున్నచో గృహస్థుడు మరల వినియోగదారుడే. పాత గ్యారంటీ పోయినను, చెల్లించిన రూపాయలు క్రొత్త ఒప్పందమును పుట్టించినవి. తగని భాగమును బిగించుట, పాత భాగమునే తుడిచి క్రొత్తదని లెక్కకట్టుట, వారము తిరుగకముందే అదే జబ్బు తిరుగబెట్టుట వంటివన్నియు ఈ క్రొత్త లెక్కలోనివి.

ఒక యుదాహరణము చూడుడు. “గ్యాసు అయిపోయింది, నింపాలి” అను మాట మనకు చిరపరిచితము. రిఫ్రిజిరేటరులోను, ఏర్‌కండిషనరులోను తిరుగు గ్యాసు మూసిన గొట్టములలో పరిభ్రమించును. వంటగ్యాసువలె ఖర్చగునది కాదు. అది తగ్గినదనగా ఎచ్చటనో రంధ్రము పడినదనియే అర్థము. ఆ రంధ్రమును వెదకి మూయక కేవలము గ్యాసు నింపి సొమ్ము తీసికొన్నవాడు, చిల్లుకుండలో నీరు పోసి కూలి అడిగినవానివంటివాడు. “లీకు ఎక్కడండీ? మూసినారా?” అని ప్రశ్నించుటకు ఇంజనీరై యుండనక్కరలేదు.

కార్డును చదువుట కూడ ఒక విద్యయే. కొన్ని కంపెనీలు యంత్రమున కంతటికిని ఒక యేడు, కంప్రెసరునకు మాత్రము పదేండ్లు హామీ ఇచ్చుట కలదు. అట్టి యింట “గ్యారంటీ అయిపోయింది” అనుమాట కంప్రెసరు విషయమున అసత్యము. అయితే ఆ హామీ కంప్రెసరు వెలకే చెంది, గ్యాసునకు, కూలికి, రవాణాకు వేరుగా చెల్లింపవలసియుండుటయు కలదు. కొనునాడే చిన్న అక్షరములను చదివినచో చెడిననాడు తగవుండదు.

యంత్రముల ఆయువును మానవుడే కుదించిన చరిత్రయు ఉన్నది. 1924లో ప్రపంచములోని ప్రధాన విద్యుద్దీపముల కంపెనీలు జెనీవాలో ‘ఫీబస్’ అను కూటమిగా చేరి, బల్బు ఆయువు వెయ్యి గంటలకు మించరాదని కట్టడిచేసికొన్నవి. మించినవారికి జరిమానా విధించినవి. వినియోగదారుని హక్కులను 1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెనెడీ తన దేశపు కాంగ్రెసునకు పంపిన సందేశమున ప్రకటించెను. 1985లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మార్గదర్శక సూత్రములలో విక్రయానంతర సేవ, విడిభాగముల లభ్యత చేరినవి. ఐరోపా సమాఖ్యలో రిఫ్రిజిరేటర్ల ముఖ్యభాగములు కొన్నింటిని, ఆ నమూనా అమ్మకము నిలిచిన పిమ్మట ఏడేండ్లవరకు అందుబాటులో నుంచవలెనని 2021 మార్చినుండి నియమము కలదు. మన కేంద్రప్రభుత్వము 2022 జూలైలో ‘మరమ్మతు హక్కు’పై ఒక సంఘమును నియమించి, అదే యేట డిసెంబరు 24న ఒక పోర్టలును ప్రారంభించినది. వ్యవసాయ పరికరములు, మొబైలు ఫోనులు, గృహోపకరణములు, వాహనములు దాని పరిధిలోనివి. డిసెంబరు 24 యనగా 1986లో మన మొదటి వినియోగదారుల రక్షణ చట్టమునకు రాష్ట్రపతి ఆమోదము లభించిన దినము.

ఈ చట్టములన్నియు మెట్టసీమ గృహస్థున కెంత దూరము? 1986 నాటి చట్టములో ఎదుటిపక్షమువారు నివసించు చోటగాని, వ్యాపారము చేయు చోటగాని, వివాదమునకు కారణము పుట్టిన చోటగాని ఫిర్యాదు చేయవలసియుండెను. జగ్గయ్యపేటవారు పొరుగుననున్న కోదాడలోనో, హైదరాబాదులోనో సరకు కొనుట పరిపాటి. 2014 తరువాత అవి వేరు రాష్ట్రములోనివి. 2020 జూలై 20న అమలులోనికి వచ్చిన క్రొత్త చట్టము ఫిర్యాది నివసించు చోటనే, లేదా పనిచేయు చోటనే ఫిర్యాదు చేయవచ్చుననినది. 2022 ఏప్రిల్ 4నుండి నందిగామ, జగ్గయ్యపేటలు ఎన్.టి.ఆర్. జిల్లాలోనివి, జిల్లాకేంద్రము విజయవాడ. కోదాడలో కొన్నను, కంపెనీ ముంబయిలో నున్నను, మనము విజయవాడ దాటి పోనక్కరలేదు. చెల్లించిన మూల్యము 5 లక్షల రూపాయలకు మించనిచో ఫిర్యాదు రుసుము లేదు. వకీలు లేకయే వాదించుకొనవచ్చును. వివాదకారణము పుట్టిననాటినుండి రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవలెను. అంతకుముందు 1915 అను జాతీయ సహాయ సంఖ్యకు ఫోను చేసినచో, కొన్ని తగవులు కమిషను మెట్లెక్కకయే తీరవచ్చును.

అయినను కాగితము లేనివాని హక్కు గాలిలో దీపము. కొన్ననాటి బిల్లు, దుకాణపు ముద్రగల గ్యారంటీ కార్డు, మరమ్మతు చేసినవాడిచ్చిన జాబ్ షీటు, చెల్లించిన సొమ్మునకు రసీదు ఒకచోట నుంచవలెను. “బిల్లు వద్దంటే కొంత తగ్గిస్తాము” అనువాడు తగ్గించునది సొమ్మునే కాదు, మన సాక్ష్యమును కూడ. తీసివేసిన పాతభాగమును అడిగి తీసికొనవలెను. ఏ భాగము, ఎందుచేత చెడినదో జాబ్ షీటుపై వ్రాయించుకొనవలెను. కోపముతో పలికిన వంద మాటలకంటె తేదీవేసి తపాలాలో పంపిన ఒక్క లేఖ బలమైనది.

ఉపాధ్యాయులు తలచినచో ఇది ఒక్క తరగతిలో బోధింపదగిన పాఠము. ప్రతి విద్యార్థియు తన యింటనున్న ఒక గ్యారంటీ కార్డును తెచ్చి, ఏ భాగమునకు ఎన్నేండ్లు, ఏయే ఖర్చులు మినహాయింపులు అని పట్టికగా వ్రాయవలెను. భాష, గణితము, పౌరశాస్త్రము ఆ పట్టికలో కలిసివచ్చును. ఇంటికి పోయి ఆ బాలుడు “నాన్నగారూ, ఫ్రిజ్జు బిల్లు ఎక్కడ పెట్టారు?” అని అడిగిననాడు, ఆ యింటివారు బీరువా తెరచి వెదకుదురు. వెదకవలసిన సమయము యంత్రము ఆగిన తరువాత కాదు, నడచుచున్నప్పుడే.