ఒక్క బొట్టు విలువ

పసుపునీటిలో ఒకింత సున్నము కలిపి ఎర్రనీళ్ళతో దృష్టి తీయుట మన యిండ్లలో తల్లులందరును ఎరిగినదే. ఆ నీటిలో నిమ్మరసము పిండినచో మరల పసుపువన్నె వచ్చును. సున్నము క్షారము, నిమ్మరసము ఆమ్లము, పసుపు ఆ మార్పును తెలుపు సూచిక. మన పిల్లలు ప్రయోగశాలలో చేయు అంశమాపనమునకు మూలమిదియే. అయితే అచ్చట రంగు మారుట చూచిన చాలదు. ఎంత ద్రవము పోసినపుడు మారినదో కొలువవలెను.

సోడియం హైడ్రాక్సైడు ద్రావణపు బలము కనుగొనవలె ననుకొందము. ఈ పదార్థము గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడును పీల్చుకొనును గాన, తూచినంత మాత్రమున దాని బలము నిశ్చయింపరాదు. అందుచే శుద్ధమైన ఆక్సాలిక్ ఆమ్లపు స్ఫటికములను 6.3 గ్రాములు తూచి, స్వేదనజలమున కరగించి, సరిగా ఒక లీటరు చేయుదురు. ఇది 0.1 నార్మల్ ప్రమాణ ద్రావణము. దీనిని పిపెట్టుతో 20 మి.లీ. శంకుకుప్పెలోనికి తీసి, రెండు మూడు చుక్కల ఫినాఫ్తలీను చేర్చి, బ్యూరెట్టునుండి క్షారమును వదలవలెను. పిపెట్టును నోటితో పీల్చరాదు. రబ్బరు బుడ్డినే వాడవలెను.

బ్యూరెట్టును, పిపెట్టును అవి కొలువబోవు ద్రావణముతోనే కడుగవలెను. నీటి తడి మిగిలినచో ద్రావణము పలుచనగును. శంకుకుప్పెను మాత్రము స్వేదనజలముతోనే కడుగవలెను. అందు ఆమ్లపు తడి యున్నచో కొలత కెక్కని ఆమ్లము చేరును. బ్యూరెట్టు కొననున్న గాలిబుడగను ముందే వెడలింపవలెను. అర మిల్లీలీటరు బుడగ నడుమ తొలగిపోయినచో, 20 మి.లీ. కొలతలో నూటికి 2.5 వంతుల తప్పు వచ్చును. ద్రవతలము నడుమ పల్లముగా నుండును. ఆ పల్లపు అడుగునకు కన్ను సమముగా నుంచి అంకె చదువవలెను. చివర బొట్టుబొట్టుగా వదలుచు కుప్పెను కదపుచుండవలెను. లేత గులాబిరంగు 30 సెకండ్లు నిలిచినచో అదియే అంత్యబిందువు. పిదప గాలి సోకి రంగు వెలసినను మరల పోయరాదు. ముదురురంగు వచ్చినచో కొలత మించినదని యర్థము.

ఒక విద్యార్థికి వరుసగా 19.6, 19.2, 19.2 మి.లీ. వచ్చిన వనుకొందము. కలిసిన రెంటిని గైకొని, 20ని 0.1తో హెచ్చించి 19.2తో భాగించినచో క్షారపు బలము సుమారు 0.104 నార్మల్ అగును. శీలపరీక్షయు ఇచ్చటనే కలదు. రెండు కొలతలు 0.1 మి.లీ. లోపల కలియనిచో మరల చేయవలెనే గాని, పొరుగువాని అంకె చూచి తనది దిద్దుకొనరాదు. దిద్దిన అంకెకు మార్కులు రావచ్చును. చేతికి నేర్పు రాదు. రేపు ఆ బిడ్డయే మందుల కర్మాగారములోనో, త్రాగునీటి పరీక్షాలయములోనో కొలత చూడవలసి రావచ్చును.

కావున తల్లిదండ్రులకు మనవి: ప్రయోగము చేసి వచ్చిన దినమున మార్కుల మాట యెత్తుటకు ముందు, "కొలతలు కలిసినవా? కలియకున్న ఏమి చేసితివి?" అని యడుగుడు. మన తెలుగున చెప్పించి వినుడు.