నెట్ తప్పు కాదు, నేనే అడ్రస్ తప్పు ఇచ్చా: 'ఈనాట్‌ఫౌండ్' ఎర్రర్ సంగతి

అమ్మకి కొత్త ఫోన్ కొందామని ఓ మోడల్ చూసి పెట్టుకున్నా. మధ్యాహ్నం 12 గంటలకి సేల్. ధర తగ్గగానే నాకు మెసేజ్ వచ్చేలా నోడ్ జేఎస్‌లో చిన్న స్క్రిప్ట్ రాసి, పాత ల్యాప్‌టాప్‌లో రన్ చేసి ఆఫీసుకెళ్లిపోయా. ఒంటిగంట దాటినా మెసేజ్ లేదు. సాయంత్రం వచ్చి చూస్తే స్క్రీన్ నిండా 'గెట్ యాడర్ ఇన్ఫో ఈనాట్‌ఫౌండ్' అనే లైనే. ఫోన్ అప్పటికే అవుట్ ఆఫ్ స్టాక్!

ముందు నెట్ వాళ్లని తిట్టుకున్నా. రూటర్ రెండుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేశా. అదే సైట్ బ్రౌజర్‌లో మాత్రం చక్కగా ఓపెన్ అవుతోంది. మరి తేడా ఎక్కడ?

మనం ఇచ్చేది సైట్ పేరు. కనెక్ట్ అవ్వాలంటే కావాల్సింది ఐపీ అడ్రస్. ఆ పేరుకి ఐపీ ఏంటని నోడ్ మన ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడుగుతుంది. అది హోస్ట్స్ ఫైల్ చూసి, డీఎన్ఎస్ సర్వర్‌ని అడుగుతుంది. అలాంటి పేరే దొరకలేదంటే వచ్చేదే ఈనాట్‌ఫౌండ్. అంటే మన రిక్వెస్ట్ అసలు సైట్ గుమ్మం దాకా కూడా వెళ్లలేదన్నమాట.

అందుకే ఈ ఎర్రర్ రాగానే దాని పక్కనున్న పేరు చదవండి. నాది 'హెచ్‌టీటీపీఎస్'తో మొదలైంది! హోస్ట్‌నేమ్ అన్న చోట ఉత్త పేరు మాత్రమే ఇవ్వాలి. నేను లింక్ మొత్తం పేస్ట్ చేశా. నోడ్ దాన్నంతా ఒకే పేరనుకుంది. పేరు వేరుగా, పాత్ వేరుగా ఇచ్చా, పని అయిపోయింది.

మీకూ వస్తే ఈ వరుసలో చూడండి:

1. పేరులో అక్షరం తప్పుందా, చివర్లో స్పేస్ ఉందా? పేరు బదులు 'అన్‌డిఫైన్డ్' అని కనిపిస్తే, సెట్టింగ్స్ ఫైల్‌లోని విలువ కోడ్‌కి అందలేదని అర్థం.

2. టెర్మినల్‌లో 'ఎన్ఎస్ లుకప్' కొట్టి అదే పేరు ఇవ్వండి. అక్కడా దొరక్కపోతే డీఎన్ఎస్‌ని 8.8.8.8కో 1.1.1.1కో మార్చి చూడండి. ఆఫీసు లోపలి సర్వర్ అయితే వీపీఎన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

3. ఫోన్‌లో టెస్ట్ చేస్తున్నారా? ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్ఎస్ ఆప్షన్ ఉంది. అక్కడ యాడ్స్ ఆపే డీఎన్ఎస్ పెట్టుకుంటే, మనకి కావాల్సిన పేరు కూడా బ్లాక్ అవ్వొచ్చు.

4. నోడ్ 18 నుంచి రెడీగా వస్తున్న 'ఫెచ్' వాడితే పైకి 'ఫెచ్ ఫెయిల్డ్' అనే కనిపిస్తుంది. అసలు కారణం ఎర్రర్ లోపలి 'కాజ్'లో ఉంటుంది, దాన్ని ప్రింట్ చేయండి.

ఇంకో రెండు ఎర్రర్లతో దీన్ని కలిపేయకండి. 'ఈఏఐ అగైన్' అంటే డీఎన్ఎస్ నుంచి ఇప్పటికి జవాబు రాలేదని, కాసేపాగి మళ్లీ ట్రై చేయొచ్చు. 'ఈకాన్ రిఫ్యూజ్డ్' అంటే అడ్రస్ దొరికింది కానీ తలుపు తీయలేదని, అప్పుడు పోర్ట్ నంబర్ చూసుకోవాలి. ఈనాట్‌ఫౌండ్‌కి మాత్రం తప్పు పేరుతో వందసార్లు అడిగినా జవాబు ఒక్కటే.

నా అసలు తప్పు ఇంకోటుంది. ధర తగ్గితే మెసేజ్ పంపమన్నా గానీ, స్క్రిప్ట్ ఫెయిలైతే పంపమని రాయలేదు. ఇప్పుడు ఆ లైన్ కూడా చేర్చా. తర్వాతి సేల్‌లో మెసేజ్ టైముకే వచ్చింది. అమ్మ చేతిలో ఇప్పుడు కొత్త ఫోన్ ఉంది.