ఏడేళ్లు సాగిన ఒంటరి పడవ

బాలలూ, మీలో చాలామంది అన్నవరం వెళ్లే ఉంటారు. దర్శనమైన తరవాత ప్రసాదం పొట్లం చేత పట్టుకుని రత్నగిరి మీది నుంచి కిందికి చూస్తే, కొండను మూడు వైపులా చుట్టుకున్న పంపానది కనిపిస్తుంది. "చిన్న పడవలో నేనొక్కణ్ణే ఎక్కి ఇలా పోతూ ఉంటే ఎక్కడ తేలతానో!" అని మీకెప్పుడైనా అనిపించిందా?

నిజంగానే అలా బయలుదేరిన వాడొకడున్నాడు. అతని పేరు ఆస్కార్ స్పెక్, జర్మనీ దేశస్థుడు. కరెంటు పనులు చేసి బతికేవాడు. 1930 తరవాత ఆ దేశంలో లక్షల మందికి పనులు పోయాయి, అతనికీ పోయింది. సైప్రస్ దీవిలో రాగి గనులున్నాయి, అక్కడ పని దొరుకుతుందనుకుని, 1932 మే నెలలో ఉల్మ్ అనే ఊళ్లో డాన్యూబ్ నదిలోకి తన పడవ దింపాడు. అప్పటికి పాతికేళ్ల వాడు. చిత్రమేమంటే, అతనికి ఈత రాదు!

ఆ పడవను కయాక్ అంటారు. ఉత్తరాన మంచుదేశాల్లో ఉండే ఇన్యుయిట్ ప్రజలు సీలు జంతువుల వేట కోసం దీన్ని కనిపెట్టారు. కర్రలతో, ఎముకలతో చట్రం కట్టి, పైన సీలు చర్మం తొడిగేవారు. మన గోదావరి నావలాగా పైన తెరిచి ఉండదు. మనిషి నడుము పట్టేటంత కంత మాత్రమే ఉంటుంది. తెడ్డుకు రెండు కొసలా రెక్కలుంటాయి. కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి వేస్తూ పోవాలి. ఒకవైపే వేస్తే పడవ పక్కకు తిరిగిపోతుంది. స్పెక్‌ది మడత పడవ. కొయ్య చట్రం, దాని మీద రబ్బరు పట్టించిన గుడ్డ. విప్పి మూట కట్టుకోవచ్చు. అసలది ఇద్దరు కూర్చునే పడవ. రెండో మనిషి చోటులో సామాను పెట్టుకున్నాడు.

తెడ్డు వేయటం వస్తే చాలదు, నీటి పోకడ తెలియాలి. నది వంపు తిరిగేచోట బయటి ఒడ్డున నీరు వడిగా పోతుంది. లోపలి ఒడ్డున నెమ్మదించి ఇసుక దించుతుంది. ఈసారి గోదావరి చూసినప్పుడు ఇసుక మేటలు ఎటు వేశాయో గమనించండి. రాతి వెనక నీరు ఎదురు తిరుగుతుంది. పాపికొండల దగ్గరలాగా నది ఇరుకైతే లోతు పెరుగుతుంది, సుడులు లేస్తాయి. మన పడవవాళ్లకు ఇవన్నీ ఏ పుస్తకమూ చూడకుండానే తెలుసు.

డాన్యూబ్ నుంచి స్పెక్ వార్దార్ నదికి మారాడు. అది రాళ్ల మధ్య దూకే నది, పడవ దెబ్బతిన్నది. బాగుచేయించుకుని సముద్రం మీద సైప్రస్ చేరాడు. కాని ఈలోగా గనుల మీద మోజు పోయి, ప్రయాణం మీద మోజు పుట్టింది! సిరియా వెళ్లి, యూఫ్రటీసు నదిలో దిగి, పర్షియా సింధుశాఖలో తేలాడు. అక్కణ్ణుంచి ఒడ్డు వెంబడే మన దేశం వచ్చాడు. సింహళం మీదుగా తూర్పు తీరం పట్టుకుని, మద్రాసు దాటి కలకత్తా వైపు సాగాడు. అంటే గోదావరి సముద్రంలో కలిసే చోటు, అన్నవరానికి తూర్పున ఉన్న తీరం, ఇవన్నీ అతని దారిలోవే. మన జాలరి పిల్లలెవరైనా ఆ గుడ్డ పడవను చూశారో ఏమో!

దారిలో మలేరియా పట్టుకున్నది. తూర్పు దీవుల్లో లాకోర్ అనేచోట కొందరు అతన్ని కట్టేసి కొడితే కర్ణభేరి పగిలింది. ఎలాగో కట్లు వదిలించుకుని పడవెక్కి పారిపోయాడు. ఈత రానివాడు ఇన్నేళ్లు నీటి మీద బతకటం కేవలం అదృష్టం. ఈ కాలంలో తెలిసినవాళ్లెవరూ లైఫ్ జాకెట్ తొడగకుండా కయాక్ ఎక్కరు.

1939 సెప్టెంబరులో, సుమారు 50,000 కిలోమీటర్లు గడిచాక, ఆస్ట్రేలియాకు చెందిన సాయిబాయ్ దీవిలో దిగాడు. ఒడ్డున పోలీసులు నిలబడి ఉన్నారు. అతని సాహసాన్ని మెచ్చుకున్నారు. ఆ వెంటనే నిర్బంధించారు కూడా. ఆ నెలలోనే రెండవ ప్రపంచయుద్ధం మొదలైంది. జర్మనీవాడు కనుక అతనిప్పుడు శత్రువు! స్పెక్ మాత్రం చాలా రోజులుగా నీటి మీదనే ఉన్నాడు.

యుద్ధం ముగిసేదాకా శిబిరాల్లో ఉంచారు. విడుదలయ్యాక ఆ దేశంలోనే ఉండిపోయి, ఓపల్ రాళ్లు సానబెట్టే వ్యాపారం చేసుకున్నాడు. అతను తీసిన ఫోటోలు, దాచుకున్న కాగితాలు సిడ్నీలోని సముద్రయాన ప్రదర్శనశాలలో ఉన్నాయి.