వెబ్ పేజీని ప్రశ్నించు విధము

విశాఖపట్టణపు రేవునకు మొదటి యోడయగు 'జలదుర్గ' 1933వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీని వచ్చెను. నాటినుండి నేటివరకును రేవున బ్రదుకువారి ప్రశ్నలు ముఖ్యముగా రెండే. ఏ యోడ యెప్పుడు వచ్చును? సముద్ర మెట్లున్నది? పూర్వము నోటీసు బోర్డును, ప్రమాద సూచికలును చూచి యీ సంగతులు తెలిసికొనుచుండిరి. సూచికలు నేటికిని గలవు. అయినను వివరము లన్నియు నిప్పుడు వెబ్ పేజీలలో ప్రకటింపబడుచున్నవి. మనుష్యుడు పేజీని కన్నులతో చదువుకొనును. కంప్యూటరుచేత చదివించి, కావలసిన యొక్క సంగతిని మాత్రము గ్రహించుట యెట్లో మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియునట్లు ఇచ్చట వివరింప దలచితిమి.

వెబ్ అను నేర్పాటును 1989లో టిం బెర్నర్స్-లీ అను నాతడు జెనీవా యొద్దనున్న సెర్న్ పరిశోధనాలయమున ప్రతిపాదించెను. వెబ్ పేజీ మన కంటికి చిత్రమువలె కనబడినను, లోపల నది గుర్తులతో కూడిన వ్రాత. ఇది శీర్షిక, ఇది పట్టిక, ఇది అడ్డువరుస, ఇది గడి యని ఆ గుర్తులు తెలుపును. ఈ గుర్తుల భాషకు హెచ్.టి.ఎమ్.ఎల్. అని పేరు. పట్టికలో వరుసలును, వరుసలో గడులును ఇమిడియుండుటచేత పేజీ యంతయు నొక వృక్షమువలె నుండును. పేజీ వేరు, పట్టిక కొమ్మ, వరుస రెమ్మ, గడిలోని మాట ఆకు. ఈ వృక్షమును ప్రోగ్రాములు చూడవలసిన విధమును గూర్చిన ప్రమాణము 1998లో వెలువడెను.

ఇక ఆబ్జెక్టుల భాష యన నేమి? రేవులోని యోడను తలంచుడు. దానికి పేరు, పొడవు, సరకు అను లక్షణములు గలవు. లంగరు వేయుట, కదలుట అను పనులును గలవు. లక్షణములను పనులను ఒక్కచోట కూర్చి చెప్పినచో నది ఆబ్జెక్టు. ఓడ లన్నిటికిని సామాన్యమగు నమూనా క్లాసు. ఈ పద్ధతికి 1967 నాటి సిములా యను నార్వే దేశపు భాష మూలము. 1995లో వెలువడిన జావా యీ జాతిలోనిదే. వెబ్ పేజీ వృక్షములోని ప్రతి కొమ్మయు జావాలో నొక ఆబ్జెక్టు కాగలదు. అప్పుడు దానిని "నీలోని మాట యేమి? నీ క్రింది గడు లెన్ని?" అని ప్రశ్నింపవచ్చును.

ఈ పనికి జేసూప్ అను ఉచిత లైబ్రరీ జావాలో వాడుకలో నున్నది. పని నాలుగు మెట్లుగా జరుగును. మొదట ప్రోగ్రాము సర్వరును పేజీ యడుగును. 200 అను సంఖ్య వచ్చిన పేజీ దొరకినట్లు, 404 వచ్చిన లేనట్లు. రెండవది, వచ్చిన వ్రాతను వృక్షముగా కట్టుట. మూడవది ప్రశ్న: 'టేబుల్ టీఆర్' అని సెలెక్ట్ అను పనికి అందించినచో పట్టికలోని వరుస లన్నియు చేతికి వచ్చును. నాల్గవది, గడిలోని మాటను సంఖ్యగా మార్చుట, "55 కి.మీ." అనునది అక్షరముల వరుసయే గాని, కొలత పేరు తీసివేయు వరకు సంఖ్య కాదు.

ఇందు మేము చేసిన తప్పును దాచము. గత సంవత్సరము మా విద్యార్థులు ఒక వాతావరణ పట్టికనుండి దినమునకు రెండుసార్లు గాలివేగమును గ్రహించి పాఠశాల బోర్డుమీద వ్రాయుచుండిరి. "వరుసలోని మూడవ గడి నిమ్ము" అని మేము ప్రోగ్రాము వ్రాయించితిమి. ఒకనాడు పట్టికలో ఉష్ణోగ్రతకు క్రొత్త నిలువువరుస చేరి, మూడవ స్థానము నాక్రమించెను. 28 డిగ్రీలు 28 కిలోమీటర్ల గాలియై మా బోర్డు నెక్కెను. సంఖ్య నమ్మదగినట్లే యున్నందున ఎవరికిని అనుమానము కలుగలేదు. చేపలవేటకు పోవు ఒక విద్యార్థి తండ్రి మాయొద్దకు వచ్చి, "మాస్టారండీ, మూడు రోజులబట్టి మీ బోర్డు ఇరవై ఎనిమిదే అంటోంది. సముద్రం అలాగ అనటం లేదండి" అనెను. అసలు పట్టికలో గాలివేగము 55గా నుండెను. ఆయన సముద్రమునే నమ్మెను గాని మా బోర్డును నమ్మలేదు. అది మా యదృష్టము.

ఆ దినముననే ప్రోగ్రామును మార్పించితిమి. ఇప్పు డది గడులను లెక్కింపదు. "గాలివేగము" అను శీర్షికను వెదకి, దాని క్రింది గడినే గ్రహించును. తేదీ నేటిదగునో కాదో చూచును. శీర్షిక కనబడనిచో ఊహింపక, "సంగతి దొరకలేదు" అని తెలిపి యాగిపోవును. దీనిని జావాలో ఎక్సెప్షన్ అందురు. తప్పు సంఖ్యకంటె ఖాళీ బోర్డు వేయిరెట్లు మేలు.

మర్యాదయు నేర్వవలెను. ప్రోగ్రాములు ఏ పేజీలను తెరువరాదో తెలుపు రోబోట్స్ పత్రమను ఆచారము 1994 నుండి గలదు, దానిని పాటింపవలెను. క్షణక్షణము సర్వరును పీడింపరాదు. ఇతరుల స్వంత వివరములను ప్రోగుచేయరాదు. ప్రోగ్రాములకై ప్రత్యేకముగా సమాచార మిచ్చు మార్గమున్నచో దానినే వాడవలెను.

2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను మన పట్టణముపై విరుచుకొనిపడుట చూచినవారికి, గాలిని గూర్చిన సంఖ్య యెంత బరువైనదో చెప్పనక్కర లేదు. విద్యార్థులారా, యంత్రము అడిగినదానికే బదులు చెప్పును, అడుగుట మనవంతు. బోర్డుమీద సంఖ్య వ్రాయునప్పుడెల్ల, దానిని చూచి పడవ నెక్కువా డొకడు గలడని తలంచి వ్రాయుడు.