యూనివర్సిటీ లైబ్రరీ తలుపు మనకూ తెరిచే ఉంది



ఈసారి గోడపత్రికకు కథో పాటో రాయమన్నారు గానీ, నేను చూసి వచ్చిన ఒక సంగతి రాస్తున్నాను. సంక్రాంతి సెలవులకు అందరూ ఇళ్లకు పోయినారు. మా అమ్మానాన్న మిరపకాయ కోతలకు గుంటూరు వైపు పోయినందువల్ల మా ఇంటికాడ ఎవరూ లేరు. మనలో చాలామంది ఇళ్లల్లో ఇదే కథ గదా! అందుకని నాగార్జున యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతున్న మా పెదనాన్న కొడుకు దగ్గరికి పోయినాను. కనిగిరిలో బస్సెక్కి, పొదిలి మీదుగా ఒంగోలు, అక్కణ్ణించి గుంటూరు, మళ్లీ విజయవాడ పోయే బస్సులో యూనివర్సిటీ గేటు దగ్గర దిగాను. ఈ యూనివర్సిటీ 1976లో మొదలైంది. కనుమ వెళ్లాక అన్న అనుమతి అడిగి నన్ను లైబ్రరీలోకి తీసుకుపోయినాడు.

లైబ్రరీ అంటే బీరువాలు, బీరువాల నిండా పుస్తకాలు అనుకుంటాం. అవి ఉన్నాయి. కానీ ఈ మధ్య కొత్తగా వచ్చిన సౌకర్యాలు వేరే ఉన్నాయి. వాటిల్లో కొన్ని కనిగిరిలో కూర్చున్న మనకు కూడా అందుతాయి. అవేందో ఒక్కొక్కటిగా చెబుతాను.

1. పుస్తకాన్ని వెతికే పద్ధతి

పాత రోజుల్లో చెక్క సొరుగుల్లో కార్డులు పెట్టేవాళ్లంట. ఒక్కో పుస్తకానికి ఒక్కో కార్డు. ఇప్పుడా జాబితా అంతా కంప్యూటర్‌లోకి ఎక్కింది. పుస్తకం పేరో, రాసినవారి పేరో కొడితే ఏ నంబరు బీరువాలో ఉందో, ఎవరన్నా తీసుకుపోయినారో తెర మీద చూపిస్తుంది.

పుస్తకం వీపు మీద అతికించిన నంబరుకు అర్థం ఉంది. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ అనే ఆయన లోకంలోని విషయాలన్నిటినీ పది గంపల కింద విడగొట్టాడు. 500 అంటే సైన్సు, 800 అంటే సాహిత్యం, 900 అంటే చరిత్ర, భూగోళం. తెలుగు సాహిత్యం నంబరు 894.827. ఈ నంబరు గుర్తుంటే, ఈ పద్ధతి వాడే లైబ్రరీ ఏ దేశంలో ఉన్నా తెలుగు పుస్తకాల బీరువా కాడికి ఎవరినీ అడక్కుండా పోవచ్చు.

2. కంప్యూటర్‌లో చదివే పత్రికలు

పరిశోధన పత్రికలని ఉంటాయి. డాక్టర్లు, సైంటిస్టులు తాము కొత్తగా కనుక్కున్నది వాటిలో రాస్తారు. వీటి చందాలు చాలా ఎక్కువ. పెద్ద సంస్థలు కొనేవి, చిన్న కాలేజీలు కొనలేకపోయేవి. అందుకని కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో 'ఒకే దేశం, ఒకే చందా' అనే పథకానికి ఒప్పుకుంది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 30 మంది ప్రచురణకర్తల దగ్గర దాదాపు 13,000 పత్రికలకు ప్రభుత్వమే మొత్తంగా చందా కడుతుంది. 2025, 2026, 2027 మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ కాలేజీలు, పరిశోధన సంస్థలు కలిపి 6,300 దాకా దీని కిందికి వస్తాయి.

ఇది బడులకు లేదు. కానీ మనం రేపు ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి పోతే, ఢిల్లీలో చదివేవాడికి దొరికే పత్రికే మనకూ దొరుకుతుంది. అందుకే ముందుగా తెలుసుకోమని రాస్తున్నాను.

3. శోధగంగ

ఇది మాత్రం అందరిదీ. పి.హెచ్.డి. చేసినవాళ్లు నాలుగైదేళ్లు కష్టపడి ఒక లావుపాటి గ్రంథం రాస్తారు. ఒకప్పుడు అది లైబ్రరీ మూలన దుమ్ము పట్టేది. 2009లో యు.జి.సి. ఆ గ్రంథం కంప్యూటర్ ప్రతి కూడా ఇవ్వాలని నియమం పెట్టింది. అట్లా వచ్చినవన్నీ శోధగంగ అనే చోట పెడుతున్నారు. గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ దీన్ని చూస్తుంది. దేశంలోని విశ్వవిద్యాలయాల గ్రంథాలు, నాగార్జున వాళ్లవి కూడా, అందులో ఉన్నాయి. డబ్బు కట్టనక్కర్లేదు.

4. నేషనల్ డిజిటల్ లైబ్రరీ

ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. వాళ్లు దీన్ని నడుపుతున్నారు. 2018 జూన్ 19న దేశానికి అంకితం చేశారు. బడి పిల్లల పాఠాల నుంచి పెద్ద చదువుల దాకా ఉంటాయి. ఈమెయిల్ ఉంటే పేరు నమోదు చేసుకోవచ్చు. ఇది కూడా ఉచితం. ఇది కాక ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే చోట పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ, పేజీకి పేజీ ఫోటో తీసి పెట్టారు.

నేను వెతికిన మాట

ఇవన్నీ చూపించి అన్న నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి "ఏం వెతుకుతావురా?" అన్నాడు. నాకు ఏమీ తోచలేదు. సినిమా పేరు కొడితే బాగుండదు. చివరికి 'ఎరుకల' అని కొట్టాను. నేను ఎరుకల కులంవాణ్ణని మీకందరికీ తెలుసు.

ముందు వచ్చింది 1909 నాటి పుస్తకం. ఎడ్గర్ థర్‌స్టన్ అని మద్రాసు మ్యూజియం అధికారి, కె. రంగాచారి సాయంతో దక్షిణ భారతంలోని కులాలు, తెగల మీద రాసిన ఏడు సంపుటాలు. అన్న కొన్ని పేజీలు చదివి తెలుగులో చెప్పినాడు. మన బుట్టలు, సోది సంగతులు ఉన్నాయి. కానీ దొంగతనాల గురించే పేజీలకు పేజీలు ఉన్నాయి. నాకు గొంతు పట్టేసినట్టయింది. పక్కన కూర్చున్నవాళ్లు చూస్తారేమోనని తెర మూసేయమన్నాను.

అన్న మూయలేదు. "ఇంతటితో ఆపితే వాళ్లు చెప్పిందే నిజమని ఒప్పుకున్నట్టు. ఇంకోటి కూడా చూడు" అని తన సంచిలోంచి ఒక పుస్తకం తీశాడు. 2001లో మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి నేరస్థ తెగల చట్టం మీద రాసింది. అందులో ఏముందంటే, మన పెద్దోళ్లు ఉప్పు వ్యాపారులు. సముద్రం కాడ ఉప్పు తీసుకుని, పశువుల మీద వేసుకుని, లోపలి ఊళ్లకు పోయి ధాన్యానికి మార్చుకునేవాళ్లు. రైళ్లు వచ్చినాయి, ఇంగ్లీషువాళ్లు ఉప్పు మీద కొత్త పద్ధతులు పెట్టినారు, కరువులు వచ్చినాయి. వ్యాపారం పడిపోయింది. ఊరూరూ తిరిగే బతుకు మాత్రం మిగిలింది. తిరిగేవాణ్ణి సర్కారు అనుమానించింది. 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో కూడా తెగలకు తెగలనే నేరస్థులని రాసుకున్నారు. ఊరు దాటాలంటే అనుమతి కావాలి, పోలీసుల ముందు హాజరు పలకాలి. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం తీసేశారు.

మా నాయనమ్మ చెప్పేది, మన వాళ్లు గాడిదల మీద ఉప్పు మోసినారని, మా ముత్తాత రాత్రిళ్లు పోలీసు స్టేషన్ అరుగు మీద పండుకునేవాడని. ముసలామె ఊరికే చెబుతుందిలే అనుకునేవాణ్ణి. ఆమె ఒక్క అక్షరం చదువుకోలేదు. ఆమె చెప్పిన మాటే అచ్చులో ఉంది! ఇంటికి పోయినాక ఈ సంగతి ఆమెతో చెబితే, "నేను చెబితే నమ్మలా, పుస్తకం చెబితే నమ్మినావా" అని నవ్వింది.

మిత్రులారా, మన గురించి ఎవరెవరో రాసి పెట్టారు. చెంచుల మీద 1943లో హైమండార్ఫ్ రాశాడు. యానాదులు, లంబాడీల గురించి థర్‌స్టన్ సంపుటాల్లోనే ఉంది. కొంత మంచిగా రాశారు, కొంత తప్పుగా రాశారు. చదవకపోతే ఏది తప్పో మనకెట్లా తెలుస్తుంది? తప్పయితే సరిదిద్ది రాయాల్సింది మనమే గదా.

మనం ఏం చేయవచ్చు

లైబ్రరీల మీద మన ప్రాంతానికి పాత ప్రేమే ఉంది. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో పెట్టారు. 2022 దాకా అది మన జిల్లాలోదే, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది. మద్రాసు యూనివర్సిటీ లైబ్రరీని చూసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లోనే ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అందాలని సూత్రం రాసిపెట్టారు. పాఠకుడు అంటే మనం కూడా.

కనుక నా మనవి ఇది.

ఒకటి. ప్రతి ఆదివారం ఒక గంట బడి కంప్యూటర్ మీద శోధగంగ, నేషనల్ డిజిటల్ లైబ్రరీ చూసేందుకు వార్డెన్ గారు దయచేసి అనుమతి ఇవ్వాలి. ఒక సారు గానీ, టీచర్ గానీ పక్కన ఉంటే చాలు.

రెండు. ఈ గోడపత్రిక కింద చీటీల డబ్బా పెడతాను. ఎవరికి ఏం తెలుసుకోవాలని ఉందో వారం రోజుల్లో రాసి వేయండి. మన ఊరి బోరు నీళ్లల్లో ఫ్లోరైడ్ ఎందుకుందో, మిరపకు తెగులు ఎందుకొస్తుందో, మీ కులం పాత చరిత్ర ఏందో, ఏదైనా సరే. ఇంగ్లీషులో ఉంటే పదో తరగతివాళ్లు చదివి తెలుగులో చెప్పాలి. అట్లయినా మన ఇంగ్లీషు బాగుపడుతుంది.

మూడు. ఇవన్నీ ఉచితం. ఎక్కడన్నా డబ్బు కట్టమన్నా, ఫోన్‌కు వచ్చిన నంబరు చెప్పమన్నా అది వేరే చోటని తెలుసుకుని వెంటనే బయటికి రండి.

మొదటి చీటీ నేనే వేస్తున్నాను. అందులో 'ఉప్పు దారులు' అని రాసినాను. మన పెద్దోళ్లు ఏ ఏ ఊళ్ల మీదుగా నడిచినారో, అందులో కనిగిరి ఉందో లేదో చూడాలని ఉంది. దొరికితే వచ్చే సంచికలో రాస్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి