మస్జిద్ ముంగిట వెండి కప్పు

అస్ర్ నమాజు ముగిసి, మద్రసా పిల్లలు ఆటస్థలానికి బయలుదేరే వేళ అది. పదిహేనేళ్ళ విద్యార్థి ఒకడు పత్రిక నుండి కత్తిరించి దాచుకున్న బొమ్మ ఒకటి తెచ్చి నా ముందుంచాడు. ఒక మస్జిద్, అక్కడ చేరిన జనం, వారి నడుమ మెరుస్తున్న పెద్ద వెండి కప్పు. “హజ్రత్! ఆటలో గెలిచిన కప్పును మస్జిద్‌కు తీసుకురావడం ఏమిటి? ఇది మనకు గర్వకారణమా, కాదా?” అని అడిగాడు. ఆ పిల్లవాడు అంతకు వారం క్రితమే కబడ్డీ ఆటలో తోటి విద్యార్థిపై చేయి చేసుకొని నా మందలింపు పొందినవాడు. అందువల్ల వెంటనే జవాబు చెప్పలేదు. ఆ కప్పు తెచ్చిన మనిషి జీవితం ఎటువంటిదో ముందు తెలుసుకున్నాను. తెలుసుకున్నది మర్నాడు తరగతిలో చెప్పాను. పాఠకులకు కూడా అది ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాను.

అతని పేరు నాజిం ఖాద్రీ. కెనడా దేశంలోని ఒంటారియో రాష్ట్రంలో లండన్ అనే నగరం ఉంది. ఇంగ్లాండు రాజధానికి, దీనికి పేరులో తప్ప సంబంధం లేదు. అతడు 1990 అక్టోబరు 6న అక్కడే జన్మించాడు. తాతగారు లెబనాన్ నుండి వలస వచ్చి ఆ ఊరిలో స్థిరపడ్డారు. ఆయన పేరే మనుమడికి పెట్టారు. నలుగురు అక్కచెల్లెళ్ళ నడుమ ఒక్కడే మగబిడ్డ. ‘నాజిం’ అంటే క్రమపరచేవాడు, నిర్వహించేవాడు అని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. ఈ అర్థాన్ని గుర్తుంచుకోండి, దీనితో మనకు పని ఉంది.

అతని వృత్తి ఐస్ హాకీ. మన దేశంలో చాలామందికి అది పరిచయం లేని ఆట. గడ్డకట్టించిన మంచు నేలపై, బూట్ల అడుగున ఉక్కు పలకలున్న స్కేట్లు తొడుక్కొని జారుతూ ఆడతారు. బంతికి బదులు ‘పక్’ అనే గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఒక్కో జట్టు నుండి గోల్‌కీపరుతో కలిపి ఆరుగురు బరిలో ఉంటారు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఒక ఆటగాడు ముప్పావు నిమిషం పాటు శక్తినంతా వెచ్చించి, పక్కకు తప్పుకొని మరొకరికి చోటిస్తాడు. పక్ ఎవరి దగ్గర ఉంటే అతనిని భుజంతో ఢీకొట్టడానికి నియమాలు అనుమతిస్తాయి. అయితే తలకు గురిపెట్టి కొట్టడం, వెనుక నుండి గోడకేసి నెట్టడం, కర్రతో ముఖంపై కొట్టడం నేరాలు. అనుమతి ఉన్న బలానికి, అనుమతి లేని బలానికి మధ్య గీత అతి సన్నం. వేగంలో ఉన్న మనిషి కోపంలో కూడా ఉంటే, ఆ గీత అతని కంటికి కనబడదు.

నాజిం ఆ రాష్ట్రంలోని యువకుల లీగులో మొదట కిచెనర్ జట్టుకు, తరువాత సొంత ఊరి లండన్ నైట్స్ జట్టుకు ఆడాడు. ఉత్తర అమెరికాలోని అత్యున్నత లీగు పేరు నేషనల్ హాకీ లీగ్. ఏటా అందులోని జట్లు యువ ఆటగాళ్ళను వరుసక్రమంలో ఎంపిక చేసుకుంటాయి. 2009లో టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టు అతనిని ఏడవ స్థానంలో ఎంచుకుంది. పద్దెనిమిదేళ్ళ కుర్రవానికి అది గొప్ప గౌరవమే. కానీ ఎంపికైన వెంటనే స్థానం ఖాయం కాలేదు. 2010 ఫిబ్రవరిలో ఒక్క ఆట ఆడించి తిరిగి పంపించారు. తరువాతి రెండేళ్ళు ఎక్కువ కాలం అనుబంధ జట్టులోనే గడిచాయి. శరీర దారుఢ్యం చాలదని 2012లో శిక్షకుడు బహిరంగంగానే విమర్శించాడు. 2012-13 సీజన్ నుండే అతడు ప్రధాన జట్టులో నిలదొక్కుకున్నాడు. 2016-17లో 32 గోల్స్, మరుసటి ఏడూ 32 గోల్స్ చేశాడు. ప్రతిభ విషయంలో అప్పటికి ఎవరికీ సందేహం మిగలలేదు.

సందేహమంతా అతని కోపం గురించే.

ఈ లీగులో సీజన్ ముగిశాక స్టాన్లీ కప్పు కోసం నాకౌట్ దశ మొదలవుతుంది. నాలుగు అంచెలు దాటాలి. ప్రతి అంచెలో నాలుగేసి విజయాలు కావాలి. జట్టుకు ప్రతి మనిషీ అవసరమయ్యే సమయం అదే. సరిగ్గా ఆ సమయంలోనే నాజిం తొందరపడేవాడు. 2018లో బోస్టన్ జట్టుతో మొదటి ఆటలోనే ఒక ఆటగాణ్ణి గోడకేసి కొట్టినందుకు మూడు ఆటల నిషేధం పడింది. జట్టు ఓడిపోయింది. 2019లో మళ్ళీ బోస్టన్‌తోనే రెండవ ఆటలో ఒకరి ముఖంపై కర్రతో కొట్టాడు. ఆ అంచెలో మిగిలిన ఆటలన్నింటికీ దూరం చేశారు. జట్టు మళ్ళీ ఓడింది. ఆ జూలైలో టొరంటో అతనిని కొలరాడో అవలాంచ్ జట్టుకు బదిలీ చేసింది. 2021లో, కొత్త జట్టులో ఉండగా, సెయింట్ లూయిస్ జట్టు ఆటగాని తలపై దెబ్బ కొట్టాడు. ఈసారి ఎనిమిది ఆటల నిషేధం. అది పూర్తయ్యేసరికి కొలరాడో ఇంటిముఖం పట్టింది.

నాలుగేళ్ళలో మూడుసార్లు. ప్రతిసారీ శిక్ష ఒకనిది, నష్టం అందరిది. దెబ్బలు తిన్నవారి బాధ వేరే. ఆ క్షణికావేశం పేరుకు అంటుకుంటే ఎంతకాలం వదలదో తరువాతి సంవత్సరం తెలిసింది.

అతడు ఆ నిషేధంలో ఉన్న రోజుల్లోనే, 2021 జూన్ 6న, అతని సొంత ఊరిలో ఘోరం జరిగింది. సాయంత్రం నడకకు వెళ్ళిన ఒక ముస్లిం కుటుంబాన్ని ఒకడు వాహనంతో ఢీకొట్టాడు. మూడు తరాలకు చెందిన నలుగురు మరణించారు. తొమ్మిదేళ్ళ బాలుడు ఒక్కడే గాయాలతో మిగిలాడు. వారు ముస్లిములు కావడమే ఆ దాడికి కారణం. అది ఉగ్రవాద చర్య అని 2024లో న్యాయమూర్తి నిర్ధారించారు. రెండు రోజుల తరువాత వేలాదిమంది సంతాపం తెలపడానికి లండన్ ముస్లిం మస్జిద్ వద్ద గుమిగూడారు.

ఇక 2022. ఆ సీజన్‌లో నాజిం 71 ఆటల్లో 28 గోల్స్ చేసి, మరో 59 గోల్స్‌కు తోడ్పడ్డాడు. నాకౌట్ దశలో మళ్ళీ సెయింట్ లూయిస్ ఎదురైంది. మే 21న జరిగిన మూడవ ఆటలో పక్ కోసం దూసుకువెళ్ళిన నాజిం, ప్రత్యర్థి గోల్‌కీపరును ఢీకొన్నాడు. గోల్‌కీపరు గాయపడి ఆటకు దూరమయ్యాడు. న్యాయనిర్ణేతలు దానిని తప్పుగా పరిగణించలేదు, శిక్షా వేయలేదు. కానీ ప్రత్యర్థి శిక్షకుడు అతని గత చరిత్రను గుర్తుచేశాడు. పాత తప్పులు ఈ విధంగా సాక్ష్యం చెప్పాయి. అంతటితో ఆగలేదు. అతని జాతిని, అతని మతాన్ని దూషిస్తూ, ప్రాణాలు తీస్తామని బెదిరిస్తూ సందేశాలు వచ్చిపడ్డాయి. పోలీసులు, లీగు అధికారులు భద్రత ఏర్పాటు చేయవలసి వచ్చింది. అతని భార్య ఆ సందేశాలలో కొన్నింటిని లోకానికి చూపించింది.

మే 23న అదే ఊరిలో నాలుగవ ఆట. పక్ తాకిన ప్రతిసారీ ప్రేక్షకులు అతనిని ఎగతాళి చేశారు. ప్రత్యర్థులు కవ్వించారు. మునుపటి నాజిం అయితే ఎవరినో ఒకరిని కొట్టి బయటికి పోయేవాడు. ఆ రాత్రి అతడు మూడు గోల్స్ చేశాడు. కొలరాడో 6-3 తేడాతో గెలిచింది.

పరీక్ష అక్కడితో ముగియలేదు. తరువాతి అంచెలో ఎడ్మంటన్ ఆటగాడు ఇవాండర్ కేన్ వెనుక నుండి నెట్టడంతో నాజిం గోడకు తగిలి బొటనవేలు విరిగింది. హాకీలో జాతి వివక్షను ఎదుర్కొనేందుకు 2020లో ఏర్పడిన ఆటగాళ్ళ కూటమిలో వీరిద్దరూ సభ్యులే. ఇన్నేళ్ళూ దెబ్బ కొట్టినవాడు ఈసారి దెబ్బ తిన్నవాడయ్యాడు. శస్త్రచికిత్స జరిగింది. మూడు వారాలైనా గడవకముందే, జూన్ 22న, టాంపా బే జట్టుతో తుదిపోరులోని నాలుగవ ఆటకు తిరిగివచ్చాడు. స్కోరు సమానమై అదనపు సమయం నడుస్తుండగా విజయపు గోల్ అతనిదే. జూన్ 26న కొలరాడో స్టాన్లీ కప్పు గెలుచుకుంది. ఆ కప్పు గెలిచిన మొదటి ముస్లింగా పత్రికలు అతని పేరు రాశాయి.

స్టాన్లీ కప్పుకు ఒక చక్కని ఆచారం ఉంది. గెలిచిన జట్టులోని ప్రతి ఆటగాడికి దానిని ఒక రోజు తన ఇష్టం వచ్చిన చోటికి తీసుకువెళ్ళే అవకాశం ఇస్తారు. నాజిం తన రోజు వచ్చినప్పుడు, ఆగస్టు 27న, పుట్టిన ఊరికి వెళ్ళాడు. కప్పును తీసుకువెళ్ళిన చోట్లలో లండన్ ముస్లిం మస్జిద్ ఒకటి. పదిహేను నెలల క్రితం కన్నీళ్ళతో నిండిన ఆ ముంగిట పిల్లల కేరింతలు వినిపించాయి. నా విద్యార్థి దాచుకున్న బొమ్మ అదే.

అదే నెలలో కాల్గరీ ఫ్లేమ్స్ జట్టు అతనితో ఏడేళ్ళకు 4 కోట్ల 90 లక్షల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. 2024-25 సీజన్‌లో, ముప్పై నాలుగేళ్ళ వయసులో, 35 గోల్స్ చేశాడు. అంతకుముందు ఏ సీజన్‌లోనూ అన్ని చేయలేదు. సొంత ఊరి ఆసుపత్రికి అతని సేవాసంస్థ 10 లక్షల డాలర్ల విరాళం ప్రకటించింది. అక్కడి శస్త్రచికిత్సా కేంద్రానికి అతని పేరు పెట్టారు.

ఇదంతా విన్న తరువాత తరగతిలో నేను చెప్పినది ఇంతే. ఆటగాడు ఆటగాడే, అతడు మనకు ధర్మగురువు కాదు. అతని నడవడి యావత్తూ ఆదర్శమని నేను అనను. కప్పు లోహం మాత్రమే, దానివల్ల మస్జిద్‌కు కొత్తగా వచ్చిన గౌరవం ఏదీ లేదు. మస్జిద్‌కు వెళ్ళడం వల్ల దుఃఖంలో ఉన్న ఒక సమాజపు పిల్లలకు ఊరట లభించింది, అది మంచిపని. గర్వించదలిస్తే మూడు గోల్స్ చేసిన ఆ రాత్రిని చూసి గర్వించండి. ఎదుటివానిని పడగొట్టేవాడు కాదు, కోపం వచ్చిన వేళ తనను తాను అదుపులో ఉంచుకునేవాడే బలవంతుడని దైవప్రవక్త (స) బోధించారు. నాజిం అన్న పేరుకు తగినట్లు, క్రమపరచుకోవలసిన మొదటి వస్తువు తన మనస్సే అని అతనికి మూడు నిషేధాలు నేర్పాయి. మీరు అంత మూల్యం చెల్లించకుండానే నేర్చుకోండి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మన మగపిల్లవాడు వీధిలో ఎవరినైనా కొట్టి వస్తే “మావాడికి రోషం ఎక్కువ” అని మురిసిపోయే ఇళ్ళు ఉన్నాయి. ఆ రోషమే రేపు వాని చదువును, ఉద్యోగాన్ని, సంసారాన్ని నాకౌట్ దశలో దెబ్బతీస్తుంది. అప్పుడు నష్టపోయేది వాడొక్కడే కాదు.

పాఠం ముగిశాక ఆ విద్యార్థి లేచి నిలబడ్డాడు. “హజ్రత్, మరి అతని చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళ మాటేమిటి?” అన్నాడు. మొదటి ప్రశ్న కంటే ఈ ప్రశ్న నన్ను ఎక్కువ సంతోషపెట్టింది. తోటి మనుషుల హక్కుకు సంబంధించిన తప్పును మూడు గోల్స్ గానీ, వెండి కప్పు గానీ చెరపలేవని, నష్టపోయినవాని వద్దకు స్వయంగా వెళ్ళి క్షమాపణ అడగవలసిందేనని చెప్పాను.

ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజుకు ముందు వాడు వజూ చేసే చోట కబడ్డీలో తాను కొట్టిన పిల్లవాని కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉన్నాడు.