బర్కత్ గల ఇల్లు: దుబారాకు తాళం, వడ్డీకి అడ్డుకట్ట

కరుణామయుడైన అల్లాహ్ తన ప్రియ దాసుల సుగుణాలను దివ్య ఖుర్ఆన్‌లో వర్ణిస్తూ, వారు ఖర్చు విషయంలో దుబారాకూ పోరు, పిసినారితనానికీ లోనుకారు, ఆ రెండింటి నడుమ సమతూకం పాటిస్తారని తెలిపాడు (25:67). మరొకచోట వృథా ఖర్చు చేసేవారిని షైతానుకు సోదరులుగా పేర్కొన్నాడు (17:27). దీనిని బట్టి పొదుపు పేదవాని అవసరం మాత్రమే కాదు, విశ్వాసి గుణమని కూడా గ్రహించాలి. నమాజు, ఉపవాసాల పట్ల ఎంతో శ్రద్ధ గల మన ఇళ్ళలో ఈ గుణానికి ఎంత చోటు ఉన్నదో ఒకసారి పరిశీలించుకోవడం అవసరం.

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని మా కోనరావుపేట మండలంలోనూ, ఇరుగుపొరుగున ఉన్న జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలోనూ మన కుటుంబాల రాబడి మార్గాలు కొన్నే. గల్ఫ్ దేశాల నుండి వచ్చే జీతం, ఇంటి స్త్రీలు చుట్టే బీడీలు, సిరిసిల్ల సాంచాల పని, వ్యవసాయం, చిన్న దుకాణం. వీటిలో ఏదీ పన్నెండు నెలలూ ఒకే తీరుగా ఉండదు. అక్కడ కంపెనీ జీతం ఆపినా, ఇక్కడ కార్ఖానా ఆకు తక్కువ ఇచ్చినా, సాంచాలు ఆగినా ఆ నెల పొయ్యి మాత్రం వెలగవలసిందే. చేతిలో నిలవ లేని ఇల్లు ఆ రోజున వడ్డీ వ్యాపారి గడప తొక్కుతుంది. కాబట్టి మేము పొదుపును గురించి వ్రాయడంలోని అసలు ఉద్దేశం పైసలు కూడబెట్టించడం కాదు, ఇంటిని హరామ్ నుండి కాపాడటం.

వడ్డీ లెక్క ఎంత?

పల్లెలలో 'నూటికి మూడు రూపాయలే' అని తేలికగా అంటారు. అది నెలకు మూడు రూపాయలు, అనగా ఏడాదికి 36 శాతం. యాభై వేలు తీసుకుంటే నెలకు 1,500, ఏడాదికి 18,000. మూడేళ్ళలో 54,000 చెల్లించినా అసలు యాభై వేలు అలాగే నిలిచి ఉంటుంది. వారం వారం వాయిదాలు కట్టించుకునే సూక్ష్మ రుణ సంస్థల ఒత్తిడికి ఎన్నో ఇళ్ళు చితికిపోయిన తరువాతనే, 2010 అక్టోబరులో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటిని అదుపు చేయడానికి ఆర్డినెన్సు తీసుకురావలసి వచ్చింది. వడ్డీని వదలనివారికి అల్లాహ్, ఆయన ప్రవక్తల తరఫున యుద్ధ ప్రకటన ఉన్నదని ఖుర్ఆన్ హెచ్చరించింది (2:279). దైవప్రవక్త (స) అప్పు భారం నుండి అల్లాహ్ శరణు వేడేవారు. కారణం అడిగినప్పుడు, అప్పులో కూరుకుపోయినవాడు మాట్లాడితే అబద్ధమాడతాడు, మాట ఇస్తే తప్పుతాడని వివరించారు (బుఖారీ). అప్పు సొమ్మునే కాదు, నడవడిని కూడా తినివేస్తుందన్నమాట.

రాబడి వచ్చిన రోజే పంపకం

సహీహ్ ముస్లింలో ఒక తోట యజమాని వృత్తాంతం ఉన్నది. అతని తోటకు నీరు పోయవలసిందిగా మేఘానికి ఆజ్ఞ అయింది. కారణం విచారిస్తే, అతడు పంటలో మూడో వంతు దానం చేసి, మూడో వంతు తన కుటుంబానికి వాడి, మూడో వంతు తిరిగి తోటకే పెట్టేవాడని తెలిసింది. మన రాబడి మూడు సమాన భాగాలు కాకపోవచ్చు. అయినా వచ్చిన రోజే విడదీయడమనే పద్ధతిని మనం నేర్చుకోవాలి. నెలాఖరున మిగిలినది దాచుదామనుకునేవారికి ఏనాడూ మిగలదు. గల్ఫ్ నుండి సొమ్ము అందిన నాడే పాత అప్పు వాయిదా, పిల్లల చదువు, ఆపద నిలవ పక్కకు తీసి, మిగిలిన దానితో ఇల్లు నడపాలి. అక్కడ నలభై అయిదు డిగ్రీల ఎండలో చెమటోడ్చిన సొమ్ము ఇక్కడ ఎలా ఖర్చవుతున్నదో ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచితే, దూరాన ఉన్న మనిషికి, ఇంటి ఇల్లాలికి నడుమ అనుమానం కూడా తొలగిపోతుంది.

వంటింట్లో

దైవప్రవక్త (స) తమ కుటుంబానికి ఏడాదికి సరిపడే ఆహారాన్ని నిలవ ఉంచేవారని బుఖారీలో ఉన్నది. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) కరువు రాకముందే ఏడేళ్ళ పంటను వెన్నులలోనే భద్రపరచమని సూచించారు (12:47). కాబట్టి ముందుచూపు తవక్కుల్‌కు విరుద్ధం కాదు. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాలు పసుపునకు పేరు పొందినవి. ఎండాకాలం మొదట్లో పసుపు కొమ్ములు, ఎండు మిరప, చింతపండు ఏడాదికి సరిపడా తీసుకుని, ఎండబెట్టి గిర్నీలో పట్టించుకుంటే ఖర్చు తగ్గుతుంది, కల్తీ బాధ కూడా తప్పుతుంది. 2025 ఉగాది నుండి రేషన్ దుకాణాలలో మనిషికి ఆరు కిలోల సన్న బియ్యం ఇస్తున్నారు. వాటిని ఇంటి అన్నానికే వాడుకుంటే బియ్యం ఖర్చు చాలావరకు కలిసివస్తుంది.

పప్పును గంటసేపు నానబెట్టడం, గిన్నె మీద మూత పెట్టడం, బర్నరు రంధ్రాలు శుభ్రంగా ఉంచడం వంటి చిన్న పనులతో సిలిండరు మరికొన్ని రోజులు వస్తుంది. బియ్యం కడిగిన నీరు పెరటిలోని పుదీనా, కొత్తిమీర, పాలకూర మళ్ళకు పోయవచ్చు. ఇద్దరి భోజనం ముగ్గురికి చాలునన్న ప్రవక్త (స) బోధను, కింద పడిన ముద్దను దులిపి తినాలన్న బోధను పిల్లలకు పళ్ళెం ముందే నేర్పాలి. రమజాన్ నెలలో ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద మిగిలి పారవేసే ఆహారం ఉపవాస స్ఫూర్తికే మచ్చ.

నీరు, కరెంటు

దైవప్రవక్త (స) ఒక ముద్‌ నీటితో వుజూ, ఒక సాఅ్ మొదలు అయిదు ముద్‌ల వరకు నీటితో గుస్ల్ చేసేవారు (బుఖారీ, ముస్లిం). ముద్ అంటే సుమారు లీటరు లోపే. పారే నది ఒడ్డున ఉన్నా వుజూలో దుబారా దుబారాయేనని హజ్రత్ సఅద్ (రజి)కు బోధించినట్లు ఇబ్నె మాజాలో ఉన్నది. కుళాయి విప్పి ఉంచి వుజూ చేసేవారు ఒకసారి కింద బకెట్టు పెట్టి చూసుకుంటే విషయం బోధపడుతుంది. లోటాతో వుజూ చేసే మన పెద్దల అలవాటు సున్నత్‌కు ఎంతో దగ్గర.

మా ప్రాంతానికి కరెంటు ఇచ్చేది 1970లో ఏర్పడిన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం. దానిని అందరూ 'సెస్' అంటారు. 2024లో మొదలైన గృహజ్యోతి పథకం వర్తించే ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. అయితే మీటరు 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు నెత్తిన పడుతుంది. అంటే చివరి అయిదు యూనిట్ల అజాగ్రత్త ఖరీదు వెయ్యి రూపాయల దాకా ఉండవచ్చు. 60 వాట్ల పాత బల్బు రోజుకు అయిదు గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు కాలుతుంది. 9 వాట్ల ఎల్‌ఈడీకి ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. 75 వాట్ల ఫ్యాను పన్నెండు గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. ఒక హార్స్‌పవర్ మోటారు గంటకు ముప్పావు యూనిట్ తీసుకుంటుంది. ట్యాంకు నిండి పొర్లుతుంటే నీరు, కరెంటు రెండూ వృథా. చల్లని నీటికి రంజన్ ఉన్న ఇంట్లో ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తెరవనవసరం లేదు.

పెళ్ళి ఖర్చు

నెలల తరబడి కూడబెట్టిన రూపాయలు ఒక్క రోజున కరిగిపోయేది పెళ్ళిలోనే. హజ్రత్ సఫియ్యా (రజి) వలీమాలో ఖర్జూరం, జున్ను, నెయ్యి మాత్రమే వడ్డించబడినాయి. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు ఒక మేకతోనైనా వలీమా ఇవ్వమని చెప్పబడింది. మరి మన సాంచక్, ఫంక్షన్‌హాలు, జోడా రఖం, జహేజ్‌లకు ఆధారం ఏది? ఆడపిల్ల తండ్రిని వడ్డీకి అప్పు తెచ్చేలా చేసిన పెళ్ళిలో బర్కత్ వెతకడం వ్యర్థం. మగపిల్లవాని తల్లిదండ్రులు మొదట నోరు విప్పి 'మాకేమీ వద్దు' అంటేనే ఈ దురాచారం ఆగుతుంది.

చిట్టీలో జాగ్రత్త

పదిమంది స్త్రీలు నెలకు వెయ్యి చొప్పున వేసి, వంతుల ప్రకారం ఒక్కొక్కరు పూర్తి పదివేలు తీసుకుంటే అది పరస్పర సహాయం. కాని వేలం పాడే చిట్టీలో అవసరం గల సోదరి 7,500కే పాడుకుని పది నెలలూ కలిపి పదివేలు కడుతుంది. తగ్గిన 2,500 మిగతావారు పంచుకుంటారు. ఆమె కష్టం మీద వచ్చిన ఆ లాభం వడ్డీ కాక మరేమిటి? పాట లేని చిట్టీనే ఎంచుకోవాలి. లెక్కను వ్రాసి ఉంచాలి. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు వ్రాతపత్రం, సాక్షులు ఉండాలని ఖుర్ఆన్ ఆదేశం (2:282).

ఇదే పనిని మస్జిద్ స్థాయిలో చేయవచ్చు. 1961లో దేవ్‌బంద్‌లో ముస్లిం ఫండ్, 1966లో హైదరాబాదులో తూర్ బైతుల్‌మాల్ వెలిశాయి. చిన్న మొత్తాలను కూడగట్టి వడ్డీ లేని రుణాలు ఇవ్వడం సాధ్యమేనని ఇటువంటి సంస్థలు నిరూపించాయి. ప్రతి ఇల్లు వారానికి ఇరవై రూపాయలు వేస్తే, యాభై ఇళ్ళున్న జమాత్‌లో ఏడాదికి యాభై రెండు వేలు జమ అవుతుంది. ఒక ఆసుపత్రి ఖర్చుకు, ఒక బడి ఫీజుకు ఖర్జె హసనా ఇవ్వడానికి అది చాలు. తిరిగి చెల్లించలేని స్థితిలో ఉన్నవానికి గడువు ఇవ్వడం కూడా దైవాజ్ఞయే (2:280).

చివరగా ఒక మాట. పొదుపు పేరుతో అతిథికి ముఖం చాటువేయడం, జకాత్ ఎగవేయడం, వృద్ధులైన తల్లిదండ్రుల మందులకు వెనుకాడటం పిసినారితనమే అవుతుంది. దుబారా మానగా మిగిలిన రూపాయి ఇంటివారి అవసరానికి, బంధువు ఆపదకు, పేదవాని ఆకలికి చేరినప్పుడే అది బర్కత్. అల్లాహ్ మన ఇళ్ళను వడ్డీ నీడ నుండి కాపాడి, హలాల్ సంపాదనలో తృప్తిని, సమృద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.